పాత పద్మిని మెరుపు పట్టీలు, గట్టర్ బీడింగ్: రంగు వేయించే ముందు విప్పాలా, వద్దా?

హంద్రీగట్టు, కర్నూలు

అందరికీ నమస్కారం. మా పెదనాన్నగారి 1974 ప్రీమియర్ పద్మిని కారుకు రంగు వేయించబోతున్నాను. ఇంజను, బ్రేకుల పని ముందే అయిపోయింది, బండి బాగానే నడుస్తోంది. ఇక మిగిలింది బాడీ పని. సొట్టలు తీయించి, లప్పం పెట్టించి, మొదటి నుంచీ ఉన్న పాలమీగడ రంగే మళ్లీ వేయించాలని ఉంది.

చిక్కంతా బయటి మెరుపు సామాను దగ్గర వచ్చింది. రెండు పక్కలా పొడుగునా ఉన్న పట్టీలు, పైకప్పు అంచున వాన నీరు పారే గట్టర్ మీద తొడిగిన బీడింగ్, డిక్కీ మీది అక్షరాలు, ముందు వెనక అద్దాల రబ్బరులో దూర్చిన సన్నని పట్టీ. షెడ్డు వాళ్లేమో "వీటిని కదిలించవద్దు సార్, టేపు అతికించి రంగు కొట్టేస్తాం, విప్పితే మళ్లీ ఎక్కవు" అంటున్నారు. మాట వరసకు ఒక తలుపు పట్టీ చివర స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తి చూపించారు. పట్టీ కొస వంగింది, కింద రేకు మీద గీత పడింది. అక్కడితో పని ఆపించాను.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి ఊరు మునిగినప్పుడు ఈ కారు పాతబస్తీలోని ఇంటి ముందే ఉంది. నీళ్లు కిటికీ అంచుల దాకా నిలిచాయి. తరువాత పైపైన కడిగించారు గానీ పట్టీల వెనక ఏం మిగిలిందో ఎవరూ చూడలేదు. విప్పడమే మంచిదైతే ఎక్కడ మొదలుపెట్టాలో అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

పాత అంబాసిడర్, కడప

తమ్ముడూ, పని ఆపించి మంచి పని చేశావు. విప్పాల్సిందే. వరద నీళ్లలో నిలిచిన కారు అంటున్నావు కాబట్టి ఇందులో రెండో మాట లేదు.

టేపు వేసి కొట్టిన రంగు పట్టీ అంచు దగ్గర ఆగిపోతుంది. కొత్త రంగుకూ పట్టీకీ మధ్య వెంట్రుకంత సందు మిగులుతుంది. వాన నీరు, కారు కడిగిన నీరు అక్కడ దిగుతాయి. అప్పటికే పట్టీ వెనక మట్టి పేరుకుని ఉంటే అది ఆ తడిని వదలదు. ఏడాది తిరగకముందే అంచు వెంట రంగు పొక్కుతుంది. పెయింటరు పనితనాన్ని తిట్టుకుంటాం గానీ తప్పు కింద ఉన్న తుప్పుది.

బయటి నుంచి ఏదీ ఎత్తవద్దు. ముందు లోపలి నుంచి చూడు. తలుపు లోపలి అట్ట, డిక్కీ లోపలి లైనింగ్, బానెట్ అడుగు, అన్నీ తీసి టార్చి వేసి వెతుకు. ఆ కాలపు కార్లలో బయటి పట్టీ నిలిచే పద్ధతులు కొన్నే. పట్టీ వెనక గాడిలో జారే చిన్న బోల్టు ఉండి, అది రేకు చిల్లులోంచి లోపలికి వచ్చి నట్టుతో బిగుస్తుంది. లేదా చిల్లులో నొక్కిన స్ప్రింగు క్లిప్పు మీద పట్టీని తొడుగుతారు. అక్షరాలూ బొమ్మలూ అయితే వెనక సన్నటి కాడలుంటాయి, వాటికి గొట్టంలాంటి క్లిప్పో, రేకు నట్టో ఉంటుంది. ఒకే పట్టీకి కొసల్లో నట్టు, నడుమ క్లిప్పులు ఉండటం మామూలే. మీ షెడ్డులో స్క్రూడ్రైవర్ పెట్టిన కొసకు లోపల నట్టు ఉండి ఉంటుంది. నట్టు విప్పకుండా ఎత్తితే పట్టీ వంగుతుంది, ఇంకేమవుతుంది!

విప్పే ముందు పట్టీ పైనా కిందా రేకు మీద మాస్కింగ్ టేపు రెండు పొరలు వేయి. ప్రతి పట్టీకీ ఫొటో తీయి. ఒక పొడుగాటి కాగితపు చీలిక తలుపు మీద ఆనించి, చిల్లులు ఎక్కడెక్కడ ఉన్నాయో గుర్తు పెట్టుకో. రేపు లప్పంలో ఒక చిల్లు పూడుకుపోతే దాన్ని వెతికిపెట్టేది ఆ కాగితమే.

రంగులపని, అనంతపురం

నేను వృత్తిరీత్యా పెయింటర్ని. అన్నగారి మాట మీద గౌరవం ఉంది గానీ అన్నీ విప్పాల్సిందే అనడం నాకు సరిగా తోచడం లేదు.

పక్క పట్టీలు విప్పండి, ఒప్పుకుంటాను. గట్టర్ బీడింగ్ సంగతి వేరు. అది సన్నటి రేకును గట్టర్ అంచు మీద మడిచి పట్టించిన సామాను. ఇన్నేళ్ల ఎండకు, పాత రంగు పొరలకు అతుక్కుపోయి ఉంటుంది. లాగే చోటల్లా మడత పడుతుంది. మడత పడిన బీడింగ్ మళ్లీ సాపుగా రాదు, దొరికే కొత్తవి పల్చగా ఉంటాయి, వంపు సరిపోదు. బజారులో మళ్లీ దొరకని సామానును విప్పే ముందు పదిసార్లు ఆలోచించాలి. షెడ్డు వాళ్లు భయపడింది కూడా ఇందుకే అయి ఉంటుంది.

గట్టర్ కింద తుప్పు లేదని తేలితే దాన్ని అలాగే ఉంచి శ్రద్ధగా టేపు వేయించండి. అద్దం రబ్బరు విషయంలో మేము చేసే పద్ధతి ఒకటుంది. రబ్బరు పెదవి కింద సన్నటి నైలాన్ తాడు చుట్టూ దూరుస్తాం. పెదవి రేకు మీద నుంచి కాస్త లేస్తుంది, రంగు దాని కిందికి వెళుతుంది. తరువాత తాడు లాగేస్తే పెదవి కొత్త రంగు మీద కూర్చుంటుంది. అంచు కనబడదు, పొక్కదు. రబ్బరు మెత్తగా ఉంటేనే ఈ పని. ఎండిపోయి పగుళ్లు వచ్చిన రబ్బరైతే మార్చడమే మేలు.

పాత అంబాసిడర్, కడప

గట్టర్ విషయంలో మీ మాట నిజమే. అయితే తుప్పు లేదని తేలేది ఎలా? కొంతైనా ఎత్తి చూడాలి కదా. వెనక కొస దగ్గర ఒక జానెడు విప్పి చూడమనండి. రేకు శుభ్రంగా ఉంటే అక్కడే ఆపవచ్చు.

లోహాల బడి, అనంతపురం

కెమిస్ట్రీ చెప్పేవాణ్ని, పాత స్కూటర్లు, కార్లు బాగు చేయడం నాకు ఇష్టమైన పని. విప్పాక ఏ పట్టీ ఏ లోహమో తెలియకుండా పాలిష్‌కు ఇవ్వవద్దని చెప్పడానికే ఇది రాస్తున్నాను. చూడటానికి అన్నీ ఒకేలా మెరుస్తాయి గానీ ఒకదానికి మంచిది ఇంకొకదానికి చేటు చేస్తుంది.

అయస్కాంతం పెట్టండి. గట్టిగా అతుక్కుంటే ఉక్కు మీద క్రోమ్ పూత కావచ్చు, లేదా 430 రకం స్టెయిన్‌లెస్ కావచ్చు. అది కూడా అయస్కాంతానికి అంటుతుంది. కాబట్టి అయస్కాంతం ఒక్కటే చాలదు, వెనక వైపు చూడండి. ఎర్రటి తుప్పు ఉంటే పూత వేసిన ఉక్కు, లేకుంటే స్టెయిన్‌లెస్. అంటుకోకుండా తేలిగ్గా ఉంటే అల్యూమినియం. అంటుకోకుండా బరువుగా ఉండి, వెనక గీస్తే పసుపు కనబడితే ఇత్తడి. బూడిద రంగుతో, పైన చిన్న చిన్న బుడిపెలతో ఉంటే జింకు పోత, అంటే కరిగించి అచ్చులో పోసిన సామాను. అక్షరాలు, బొమ్మలు ఎక్కువగా ఈ జింకు పోతవే.

అల్యూమినియం పట్టీకి మల్టీమీటరు పరీక్ష చేయండి. రెండు ముళ్లనూ పైముఖం మీద గీత పడకుండా ఆనించండి. కరెంటు పారకపోతే దాని మీద ఆనొడైజింగ్ పొర ఉన్నట్టు. అది అల్యూమినియం ఆక్సైడ్, విద్యుత్తును పోనివ్వదు, చాలా గట్టిది. ఆ పొర ఉండగా బఫింగ్ చక్రం ఎంత తిప్పినా మెరుపు రాదు, అక్కడక్కడ అరిగి మచ్చలు పడతాయి. ముందు పల్చటి కాస్టిక్ సోడా ద్రావణంతో పొర తీయాలి. ఆరుబయట చేయండి, హైడ్రోజన్ వాయువు వస్తుంది. చేతులకు తొడుగులు, కళ్లకు అద్దాలు తప్పనిసరి. నీళ్లలో సోడా వేయాలి గానీ సోడా మీద నీళ్లు పోయకూడదు. పొర పోగానే తీసి బాగా కడగాలి, ఆలస్యం చేస్తే లోహాన్నే తినేస్తుంది. జింకు పోత సామానును పొరపాటున కూడా ఆ ద్రావణంలో వేయవద్దు, జింకు కూడా కాస్టిక్‌లో కరుగుతుంది.

మరొకటి. అల్యూమినియం పట్టీ ఉక్కు రేకును నేరుగా తాకితే, మధ్యలో తడి చేరితే, అది చిన్న బ్యాటరీ అయిపోతుంది. పట్టీ వెనక తెల్లటి పొడి కనబడితే అది ఆ పనే.

హంద్రీగట్టు, కర్నూలు

ఎడమ తలుపు లోపలి అట్ట విప్పాను. ఫొటో పెట్టాను చూడండి. తలుపు అడుగున వరద మట్టి ఇంకా ఉంది. ఎండి పెళ్లలు కట్టి, వేలితో నలిపితే పిండిలా రాలుతోంది. నీరు కారిపోవాల్సిన చిల్లులు మూడింటిలో రెండు పూడుకుపోయాయి. పట్టీ రెండు కొసలకూ అన్నగారు చెప్పినట్టే నట్లున్నాయి, నడుమ క్లిప్పులు. నట్లు తుప్పుతో ముద్ద కట్టి, పానా పెడితే అంచులు రాలిపోయేలా ఉన్నాయి. బలం పెడితే బోల్టు విరుగుతుందేమోనని ఆగాను.

పాత అంబాసిడర్, కడప

తొందరపడవద్దు. ముందు మట్టి దులిపి, ఇత్తడి తీగల బ్రష్షుతో నట్టు చుట్టూ, బోల్టు మరల మీదా రుద్ది శుభ్రం చేయి. తుప్పు వదిలించే స్ప్రే గానీ, అది లేకపోతే కిరోసిన్ గానీ చుక్కలు చుక్కలుగా వేసి రాత్రంతా వదిలేయి. పొద్దున మళ్లీ వేయి. పానా కంటే ఆరు పలకల సాకెట్ మంచిది, నట్టు అంచులు రాలవు. మొదట విప్పే వైపు తిప్పవద్దు. బిగించే వైపు రవ్వంత కదిలించు, టిక్కుమని తుప్పు పొర విరుగుతుంది. తరువాత విప్పే వైపు పావు చుట్టు, మళ్లీ వెనక్కి, మళ్లీ పావు చుట్టు. మధ్యమధ్య ఒక్కో చుక్క నూనె.

బోల్టు పట్టీ గాడిలో నట్టుతో కలిసి గిర్రున తిరుగుతుంటే ఇక విప్పే ఆశ పెట్టుకోవద్దు. సన్నటి హాక్సా బ్లేడు ముక్కతో నట్టును ఒక పక్క నిలువుగా కోసి, ఉలితో చీల్చు. పోయేది నట్టు, మహా అయితే బోల్టు. అవి దొరుకుతాయి, పట్టీ దొరకదు.

నట్లు పోయాక నడుమ క్లిప్పులు. చెక్క గరిటె కొస అరగదీసి చీలికలాగా చేసుకో. ఇనుము వద్దు. కాగితం మీద గుర్తు పెట్టిన క్లిప్పు చోటికే చెక్కను తీసుకెళ్లి కింది అంచున ఆనించి, మణికట్టు మెల్లగా తిప్పు. క్లిప్పుకూ క్లిప్పుకూ మధ్య ఎత్తితే పట్టీ నడుము విరుగుతుంది. ఒక క్లిప్పు వదలగానే రెండో మనిషి ఆ భాగాన్ని చేత్తో మోయాలి, వేలాడనివ్వకూడదు. పొడుగు పట్టీకి ఇద్దరు మనుషులు తప్పదు. ఎండలో నిలబెట్టిన కారు మీద ఈ పని పెట్టుకోవద్దు. మే నెలలో మన దగ్గర రేకు చెయ్యి పెట్టనివ్వదు, టేపు జిగురు కూడా కరిగి రంగుకు పట్టుకుంటుంది.

నీలి హెరాల్డ్, కడప

హంద్రీగట్టు గారూ, మా నాన్నగారి హెరాల్డ్‌కు నేను, మా అన్నయ్య కలిసి ఈ పనంతా చేశాం. మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వారు తయారు చేసిన కారు. అద్దాల పట్టీ గురించి ఇంకా ఎవరూ వివరంగా రాయలేదు కాబట్టి చెబుతున్నాను.

రబ్బరులో దూర్చిన పట్టీకి ఎక్కడో ఒక అతుకు ఉంటుంది, దాని మీద చిన్న తొడుగు ఉంటుంది. ముందు ఆ తొడుగును పక్కకు జరపండి. రబ్బరు గాడిలో సబ్బు నీళ్లు పోసి, గుండ్రటి కొస ఉన్న ప్లాస్టిక్ పుల్లతో పెదవిని మడుస్తూ కొస బయటికి తీయండి. కొస చేతికి వచ్చాక పట్టీని అద్దానికి అడ్డంగా లాగకుండా, గాడి వెంట తీస్తూ పోవాలి. మూలల దగ్గర ఆగి మళ్లీ సబ్బు నీళ్లు పోయాలి. అద్దం అంచుకు లోహపు పనిముట్టు తగలకూడదు, అంచులో చిన్న పెచ్చు లేచినా పగులు అక్కడి నుంచే పాకుతుంది. రబ్బరు రాయిలా బిగుసుకుని ఉంటే దాని మీద జాలి పడకుండా పెదవిని బ్లేడుతో కోసేయండి. కొత్త రబ్బరు కొనవచ్చు, పాత అద్దమూ పట్టీ కొనలేం.

డిక్కీ అక్షరాలు మీ కారులో జింకు పోతవైతే వెనక కాడలు గాజులాగే పెళుసు. లోపల క్లిప్పు విప్పకుండా బయట నుంచి మీటవద్దు. కొన్నిటిని తరువాతి రోజుల్లో ఎవరో జిగురుతో అతికించి ఉంటారు. అలాంటి వాటికి హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చూపించి, వెనక చేపల గాలం దారం పెట్టి రంపంలా అటూ ఇటూ లాగితే జిగురు తెగుతుంది.

లోహాల బడి, అనంతపురం

మేడమ్ చెప్పిన కాడల గురించి ఒక మాట. విరిగితే వెల్డింగ్ షాపుకు తీసుకెళ్లవద్దు. ఈ జింకు మిశ్రమం 400 డిగ్రీల లోపే కరిగిపోతుంది, గ్యాసు మంట తగలగానే అక్షరం ముద్దయిపోతుంది. విరిగిన చోట సన్నటి బెజ్జం వేసి, మర తీసి, ఇత్తడి స్క్రూను ఎపాక్సీతో నిలబెట్టడమే దారి. బెజ్జం లోతు ముందే కొలుచుకోండి, డ్రిల్లు పైముఖానికి వచ్చేస్తే ఇక చేసేదేమీ లేదు.

హంద్రీగట్టు, కర్నూలు

రెండు పక్కల పట్టీలూ క్షేమంగా వచ్చాయి. వెనక దాచుకున్నట్టు పాలమీగడ రంగు అసలు ఛాయ ఉంది, ఎండ సోకని రంగు. పెయింటు షాపులో దాన్నే చూపించి కలిపించబోతున్నాను. ఎడమ తలుపులో క్లిప్పు చిల్లుల చుట్టూ రూపాయి బిళ్లంత మేర తుప్పు, ఒక చోట స్క్రూడ్రైవర్ కొస దూరిపోయింది. కుడి పక్క బాగానే ఉంది. అయస్కాంతం పట్టీలకు అంటలేదు, తేలిగ్గా ఉన్నాయి, మల్టీమీటరులో కరెంటు పారలేదు. ఆనొడైజ్డ్ అల్యూమినియమే.

షెడ్డు వాళ్లు ఇప్పుడు కొత్త సలహా ఇస్తున్నారు. చిల్లులన్నీ వెల్డింగుతో మూసేసి, రంగు అయ్యాక పట్టీలను రెండు వైపులా జిగురున్న టేపుతో అతికిస్తారట. తుప్పు బాధ ఇక ఉండదంటున్నారు. ఏమంటారు?

రంగులపని, అనంతపురం

ఒప్పుకోవద్దు. వంపు తిరిగిన పాత పట్టీ లోపల ఖాళీ, టేపుకు ఆనే చోటే ఉండదు. మన ఎండకు జిగురు కరిగి, బళ్లారి రోడ్డు మీద పట్టీ జారిపోతే వెనక్కి వెళ్లి వెతుక్కోవాలి. తుప్పు పట్టిన రేకును కోసి కొత్త ముక్క వేయించి, అదే కొలతలో మళ్లీ చిల్లులు వేయించండి. లప్పం పెట్టే ముందు ఎపాక్సీ ప్రైమర్ తప్పనిసరి. లప్పం తడి పీలుస్తుంది, ఉత్త రేకు మీద పెడితే తుప్పుకు మనమే నీళ్లు పోసినట్టు.

పాత అంబాసిడర్, కడప

పెయింటర్ గారి మాటే నాదీ. ఇంకొక కారణం. నీ కారు మొదటి రిజిస్ట్రేషన్ 1974 అయితే యాభై ఏళ్లు దాటింది. కేంద్రం 2021లో తెచ్చిన నిబంధనల ప్రకారం అలాంటి ద్విచక్ర వాహనాలను, కార్లను వింటేజ్ వాహనంగా నమోదు చేయించుకోవచ్చు. నంబరు పలకలో వీఏ అక్షరాలు వస్తాయి. కొత్త నమోదుకు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. అయితే బండి మొదటి రూపంలో ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజనులలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. రోజువారీ తిరగడానికి, బాడుగకు వాడకూడదు. ఆ దారిలో వెళ్లాలా వద్దా అన్నది నీ ఇష్టం, కానీ బాడీని మార్చే సలహా దేనికీ ఇప్పుడు తల ఊపవద్దు.

నీలి హెరాల్డ్, కడప

బంపర్లు, జింకు అక్షరాలు క్రోమ్ పూతకు పంపిస్తుంటే ఒక జాగ్రత్త. రాగి, నికెల్, ఆపైన క్రోమ్ అని మూడు పూతలు వేస్తారు. పూత వేసే ముందు బఫింగ్ చేసేవాళ్లు గుంటలు పోవాలని అరగదీస్తారు, అక్షరాల అంచులు గుండ్రమైపోతాయి. మాకు ఒక చోట అలాగే తిరిగి వచ్చాయి. పక్కన స్కేలు పెట్టి ఫొటోలు తీసి, అవి చూపించి, ఎంత వరకు అరగదీయవచ్చో ముందే మాట్లాడుకోండి. కర్నూలు నుంచి హైదరాబాదుకు, అనంతపురం నుంచి బెంగళూరుకు 44వ జాతీయ రహదారి ఉండనే ఉంది, మీరే స్వయంగా వెళ్లి ఇవ్వండి, పార్సిల్‌లో పంపవద్దు. నా అభిప్రాయం అడిగితే, కొద్దిపాటి మచ్చలున్న అసలు పూతను అలాగే ఉంచడం మేలు. నేనైతే హెరాల్డ్ బొమ్మను మళ్లీ పూతకు ఇవ్వలేదు.

లోహాల బడి, అనంతపురం

షెడ్డులో వంగిన పట్టీ కొసను సరిచేయడానికి: మెత్తటి చెక్క మీద తోలు ముక్క పరిచి, పట్టీని బోర్లా పెట్టి, కొస గుండ్రం చేసిన చెక్క దిమ్మెతో వెనక నుంచి చిన్న చిన్న దెబ్బలు. ఒకేసారి సాపు చేయాలని చూడవద్దు. కాస్టిక్‌తో పొర తీశాక నీళ్లతో తడిపి రుద్దే 400 నంబరు గరుకు కాగితంతో మొదలుపెట్టి 600, 800, 1000 దాకా వెళ్లండి. ప్రతి కాగితానికీ రుద్దే దిశ మార్చండి, ముందటి గీతలు పోయాయో లేదో తెలుస్తుంది. తరువాత నూలు చక్రం. చక్రం పట్టీ అంచు మీద నుంచి బయటికి జారేలా పట్టుకోండి. అంచుకు ఎదురుగా వెళితే చక్రం పట్టీని లాక్కుని విసిరేస్తుంది, చెయ్యి తెగుతుంది. చివరగా మళ్లీ ఆనొడైజింగ్ చేయించగలిగితే మంచిది, లేకపోతే అప్పుడప్పుడు మైనం పాలిష్ పెట్టాల్సి ఉంటుంది.

హంద్రీగట్టు, కర్నూలు

రంగు అయిపోయింది. గట్టర్ బీడింగ్ వెనక కొస ఎత్తి చూశాం, కుడి వైపు రేకు శుభ్రంగా ఉంది, అలాగే ఉంచి టేపు వేయించాం. ఎడమ వైపు మట్టి కనబడితే పూర్తిగా తీశాం. ముందు మూల దగ్గర ఒక మడత పడింది గానీ దగ్గరికి వెళితే తప్ప తెలియదు. పక్క పట్టీలు ఎప్పుడు బిగించవచ్చు?

రంగులపని, అనంతపురం

రంగు పూర్తిగా గట్టిపడాలి. గోరు నొక్కితే గుర్తు పడని దాకా ఆగండి, కొన్ని వారాలు పట్టినా సరే. కాంపౌండ్ పాలిష్ ముందే చేయించండి, పట్టీలు ఎక్కాక చేస్తే తెల్లటి ముద్ద అంచుల్లో ఇరుక్కుంటుంది. చిల్లుల అంచులకు బ్రష్షుతో ప్రైమర్, రంగు పెట్టండి. స్ప్రే అక్కడికి చేరదు.

పాత అంబాసిడర్, కడప

ప్రతి చిల్లు దగ్గరా ఎండిపోని సీలెంట్ ముద్ద కొంచెం పెట్టి క్లిప్పు నొక్కు. బోల్టుకు రబ్బరు వాషర్, స్టెయిన్‌లెస్ నట్టు, నట్టుకు కాస్త గ్రీజు. అల్యూమినియం రేకును నేరుగా తాకకుండా వెనక సన్నటి టేపు వేయి. ముందు అన్ని నట్లూ వదులుగా ఎక్కించి, తలుపు మూసి, ముందు మడ్‌గార్డు పట్టీతో వరస కలిసిందో లేదో చూసి, అప్పుడు బిగించు. కొసల మధ్య కొద్దిగా సందు వదలాలి. అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది, పొద్దున ఆనుకున్న కొసలు మధ్యాహ్నానికి ఒకదాన్నొకటి నెట్టుకుంటాయి. తలుపు అడుగున నీరు పోయే చిల్లులు మళ్లీ ఒకసారి పుల్లతో పొడిచి చూడు.

హంద్రీగట్టు, కర్నూలు

చిల్లులు మూడూ తెరిచే ఉన్నాయి, నీళ్లు పోసి చూశాను. ఎడమ పక్క పట్టీ ఎక్కింది, వరస కలిసింది. ఆదివారం పొద్దున, ఎండ ముదరకముందే, వెనక అద్దం కొత్త రబ్బరుతో బిగిస్తాం, ఆ తరువాత మెరుపు పట్టీ. గాడిలో తాడు చుట్టి సబ్బు నీళ్లతో లోపలి నుంచి లాగే పద్ధతి. మా తమ్ముడు, నేను ఉంటాం, బయట నుంచి అద్దాన్ని నొక్కిపట్టడానికి ఇంకొకరు కావాలి. నీలి హెరాల్డ్ గారూ, మీ అన్నయ్యగారికి వీలుంటే రమ్మనండి. కొండారెడ్డి బురుజు దాకా వచ్చి ఇక్కడ సందేశం పెడితే నేనే వచ్చి తీసుకెళతాను.